ప్యాకెట్ మీద కృష్ణకుమారి

నరసరావుపేటలో చెల్లెలి ఇంటికి వెళ్ళిన కృష్ణకుమారికి వంటింట్లో తన మొహమే ఎదురైంది. పొయ్యి గట్టు మీద పసుపు డబ్బా పక్కన నిగనిగలాడే కారం ప్యాకెట్ ఉంది. దాని మీద తలకు తువ్వాలు చుట్టుకుని, రెండు దోసిళ్ళ నిండా పండుమిరప కాయలు పట్టుకుని నవ్వుతున్నది తనే. కింద పచ్చటి అక్షరాల్లో ‘తల్లిచేను ఆర్గానిక్స్’ అని ఉంది. ఆ కింద ‘పురుగుమందు చుక్క కూడా సోకని పల్నాటి మిరప. పండించిన రైతు: కృష్ణకుమారి’ అని ఉంది.

"చూశావా అక్కా! నువ్వొచ్చినప్పుడు చూపిద్దామని ఫోన్లో కూడా చెప్పలా," అంది ఉష, మొహం చేటంత చేసుకుని. "పల్నాడు రోడ్డు సూపర్ మార్కెట్లో కనపడ్డది. మా అక్కే అని బిల్లు కొట్టే పిల్లక్కూడా చెప్పా. నాలుగు నెలల్నించీ ఇదే. మా అత్తయ్యకి కూరల్లో ఇది తప్ప ఇంకోటి వెయ్యటంలా."

ఉష అత్తగారికి పోయిన ఏడాది గుంటూరులో క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత నెలనెలా సెలైన్లో మందు ఎక్కించుకుని వచ్చి వారం రోజులు మంచం దిగలేకపోయింది. మంచి తిండి పెట్టండని డాక్టరు ఒక్క మాటన్నాడు. మంచి తిండంటే ఏదో ఉష తనే తేల్చుకుంది. బియ్యం, పప్పు, బెల్లం, కారం, ఏది కొన్నా ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని తెలిపే ఆకు బొమ్మ ఉండాల్సిందే. రెట్టింపు ధరైనా వెనకాడలేదు. ఆ ఇంట్లో పండక్కి చీరలు కొనటం మానేశారు గానీ ఆకు బొమ్మ మానలేదు.

కృష్ణకుమారి ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది.

ఏటా చెల్లెలి ఇంటికి ఏడాదికి సరిపడా కారం పట్టించి పంపేది ఆమే. ఈ ఏడు పంపలేదు. "కాయ బాగా రాలేదే, తాలు పడిపోయింది," అని ఫోన్లో అబద్ధం చెప్పింది. అసలు సంగతి వేరు. మూడేళ్ళ కింద ఆమె నిజంగానే పురుగుమందు కొట్టలేదు. ఊళ్ళో పన్నెండు మంది గ్రూపు కట్టి, డ్రమ్ముల్లో జీవామృతం కలుపుకుని, చేతుల్తో పురుగు ఏరి రెండెకరాల మిరప పండించారు. తల్లిచేను వాళ్ళు వచ్చి ఆ ఒక్క ఏడూ కాయ కొన్నారు. వీడియో తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. మరుసటి ఏడు పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. వారంలో చేనంతా ముడుచుకుపోయింది. పెట్టిన పెట్టుబడి కళ్ళముందు ఎండిపోతుంటే ఆమె తట్టుకోలేక నకరికల్లు వెళ్ళి మందు తెచ్చి కొట్టించింది. అప్పట్నించీ కొడుతూనే ఉంది. పోయిన పంటకు పద్దెనిమిది సార్లు కొట్టింది. రోగంతో ఉన్న మనిషికి ఆ కాయ పెట్టటానికి మనసొప్పక పంపలేదు. గుంటూరు మిరప యార్డుకు తోలి అమ్మేసింది.

తను పంపనిది తన బొమ్మ వేసుకుని ఆ ఇంటికే వచ్చింది.

"ఇది నాది కాదే ఉషా," అంది.

"నీదే అక్కా. ఇదిగో, దీన్ని స్కాన్ చేస్తే నువ్వు మాట్లాడతావు కూడా."

ఉష ఫోను చూపెట్టగానే ప్యాకెట్ వెనక ఉన్న గళ్ళబొమ్మ లోంచి వీడియో వచ్చింది. చేలో నిలబడి కృష్ణకుమారి చెబుతోంది: "నా బిడ్డలు తినేదే మీకూ పెడుతున్నానండీ. నేను మందు ముట్టను." కింద ‘ఈ ప్యాకెట్‌లోని పంట’ అని పోయిన ఏడాది తేదీ వేసి ఉంది.

ఆ మాట చెప్పిన రోజున అది నిజం. ఆ గొంతు తనదే. అందుకే ఒళ్ళు మండిపోయింది ఆమెకు. ఎవరో కల్పించిన అబద్ధమైతే తిట్టి ఊరుకునేది. తన నోటి నిజాన్నే తీసుకెళ్ళి అబద్ధం చేసి, చెల్లెలి అత్త కంచంలో పోశారు.

ఉషకు అంతా చెప్పింది. చెప్పేటప్పుడు చెల్లెలి మొహంలోకి చూడలేకపోయింది. ఉష చేతిలోని ఫోను గట్టు మీద పెట్టింది. "మరి నాకెందుకు చెప్పలేదక్కా? కాయ బాగాలేదన్నావు. మందు కొట్టానని ఒక్క మాట అంటే నేనేమన్నా అంటానా?" అంది. కృష్ణకుమారి ప్యాకెట్ సంచిలో వేసుకుని చెప్పులేసుకుంది.

సూపర్ మార్కెట్లో ఆ సాయంత్రం జనం బాగానే ఉన్నారు. ఆర్గానిక్ వరసలో తన మొహాలు మూడు అరల నిండా ఉన్నాయి. అన్నీ ఒకటే నవ్వు. సామాన్లు సర్దుతున్న అమ్మాయి ఆమెను చూసి, ప్యాకెట్ వంక చూసి, మళ్ళీ ఆమెను చూసి, "మేడం, మీరేనా? ఒక్క సెల్ఫీ!" అంటూ పక్కన నిలబడబోయింది.

"సెల్ఫీ తర్వాత. మీ మేనేజర్ని పిలువు."

మేనేజర్ మహేష్ ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. అంతా విని, "మేడం, మేం ఊరికే పెట్టం. కంపెనీ సర్టిఫికెట్ కాపీ ఇస్తేనే ర్యాక్‌లోకి వస్తది," అని ఫోన్లో కాగితాలు తీసి చూపించాడు.

తమ గ్రూపు పేరు, ఊరి పేరు, పన్నెండు మంది రైతుల పేర్లు. ఆ సర్టిఫికెట్ పద్ధతిలో పొలం చూడటానికి బయటి అధికారి ఎవరూ రారు. ఒకరి పొలం ఒకరు చూసి, మందు వాడలేదని ఒకరికొకరు సంతకం పెట్టాలి. ‘నేను స్వయంగా సీతమ్మ గారి పొలం సందర్శించి పరిశీలించితిని. రసాయనముల ఆనవాలు లేదు’ అని ఉన్నచోట కృష్ణకుమారి సంతకం ఉంది. దొంగ సంతకం కాదు. ‘ష్ణ’ రాయటం రాక ఆమె ఎప్పుడూ వేసే వంకరతోక కూడా ఉంది.

ఉగాది తర్వాత, గ్రూపు లీడరైన బావగారింటి అరుగు మీద పెట్టిన సంతకాలవి. "డ్రిప్పు పైపుల కాగితాలు అమ్మాయ్, ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ," అని ఆయన వేలు పెట్టి చూపిస్తే చదవకుండా పెట్టింది. మిగతావాళ్ళూ అట్లాగే పెట్టారు.

"కంపెనీకి ఫోన్ చెయ్యి," అంది మహేష్‌తో.

సందీప్ పలికాడు. మూడేళ్ళ కింద వీడియో తీసిన కుర్రాడే. "అమ్మా! బాగున్నారా? చానా రోజులైంది," అన్నాడు.

"బాబూ, రెండేళ్ళ కింద నీకు ఫోన్ చేశానా లేదా? మందు కొట్టాను, నా పేరు తీసెయ్యండని చెప్పానా లేదా?"

"చెప్పారేమో అమ్మా. కానీ మాకు మెయిల్ రావాలి గదా. మీ గ్రూపు లీడర్ ప్రతి ఏడూ రెన్యువల్ చేసి పంపుతున్నారు. సిస్టంలో మీరు ఆర్గానికే."

"సిస్టంలోనా? నా చేలో ఏముందో నీ సిస్టం చెప్తదా? పోయిన ఏడు నా కాయ నువ్వు ఒక్క బస్తా కూడా కొనలేదే! మరి ఈ ప్యాకెట్లో ఉన్నది ఎవరి కాయ?"

"అమ్మా, నేను మార్కెటింగ్. సరుకు కొనే ప్రొక్యూర్‌మెంట్ వాళ్ళతో మాట్లాడి చెప్తా," అని పెట్టేశాడు.

కృష్ణకుమారి లేచి అరల ముందుకు వెళ్ళింది. అప్పుడే ఒక ముసలాయన ఆ కారం ప్యాకెట్ బుట్టలో వేసుకుంటున్నాడు. "అయ్యా, అది పెట్టెయ్యండి," అంది. ఆయన తెల్లబోయాడు. ఆమె ప్యాకెట్ తన మొహం పక్కన పెట్టుకుంది. "ఇది నేనే. నేను పోయిన పంటకు పద్దెనిమిది సార్లు మందు కొట్టా. అసలు దీంట్లో ఉన్నది నా కాయ కూడా కాదు. ఎవరిదో నాకే తెలియదు." గొంతు దానంతటది పెరిగింది. జనం మూగారు. ఒకావిడ, "మా పాపకు ఇదే పెడుతున్నామండీ," అని ఏడుపు మొహం పెట్టింది. ఇంకొకాయన, "ఏది తిన్నా అంతే లెండి, ఏం చేస్తాం," అని నవ్వి, అదే ప్యాకెట్ తీసుకుని బిల్లు దగ్గరికి నడిచాడు. ఆ నవ్వు చూశాక ఆమెకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే బావగారింటికి వెళ్ళింది. శివరామయ్య ఆమె భర్త వెంకటకృష్ణకు అన్న. ఒకసారి సర్పంచిగా చేశాడు. ఊళ్ళో ఏ కాగితమైనా ఆయన చేతి మీదుగానే పోతుంది. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"డ్రిప్పు పైపుల కాగితాలన్నారు గదా బావగారూ," అంది, నిలబడే.

ఆయన పేపరు మడిచాడు. పేటలో షాపు కబురు అప్పటికే అందినట్టుంది. "కూర్చో అమ్మాయ్. ఆ గ్రూపు ఉండబట్టే సబ్సిడీలో డ్రమ్ములొచ్చినయ్యి, పైపులొచ్చినయ్యి. పన్నెండిళ్ళకూ ఒరిగింది. సర్టిఫికెట్ తీసేస్తే అవన్నీ పోతయ్యి. ఊరి పేరు పోతది."

"తినేవాళ్ళ సంగతేంది?"

"వాళ్ళు ఏది కొన్నా అదే కాయ గదా! గుంటూరు యార్డు కాయకూ దీనికీ తేడా ఏముంది? ఆకు బొమ్మ ఉంటే వాళ్ళకు మనశ్శాంతి."

"మా ఉష అత్తగారు క్యాన్సర్ మనిషి. నాలుగు నెలల్నించీ అదే తింటంది."

శివరామయ్య నొచ్చుకున్నట్టే చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, దగ్గరి మనిషికి మంచి చెబుతున్నట్టు అన్నాడు. "అయ్యో, అట్నా! మరి మీ చెల్లెలికి కొనొద్దని చెప్పు. మనవాళ్ళకు చెప్పుకుంటే చాలు గదా."

కృష్ణకుమారి వెనక్కి తిరిగింది. ఆయన చెడ్డవాడు కాడు. ఆమె పురుళ్ళకు బండి కట్టించి ఆస్పత్రికి పంపిన మనిషి. ఆ మనిషే ఇంత మాట ఇంత తేలిగ్గా అన్నాడు. మనవాళ్ళకు చెప్పుకుంటే చాలు. తనూ చేసింది అదే గదా! చెల్లెలి ఇంటికి పంపకుండా ఆపుకుని, మిగిలిందంతా యార్డుకు తోలింది.

ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండర్ పీకి చేతిలోకి తీసుకుంది. మందు కొట్టిన ప్రతి రోజుకీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన మందు పేరు రాసుకునే అలవాటు ఆమెది. పోయిన ఏడాదిది కూడా మేకుకే ఉంది. "చేలోకి రా. నేను మాట్లాడతా, నువ్వు ఫోన్లో తియ్యి," అంది భర్తతో.

వెంకటకృష్ణ జంకాడు. "అన్నతో పెట్టుకుంటే బోరు సంగతేంది? నీళ్ళు ఆయన బోరు నించే గదా మనకి."

‘మనవాళ్ళకు చెప్పుకుంటే చాలు’ అన్న శివరామయ్య మాట ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. వెంకటకృష్ణ చార్జింగులో ఉన్న ఫోను తీసుకుని తనే ముందు నడిచాడు.

వీడియోలో ఆమె ఏడవలేదు. పూత మీదున్న చేలో నిలబడి, గట్టున పడున్న ఖాళీ సీసాలు చూపించి, క్యాలెండర్ చూసి ఒక్కొక్క తేదీ, ఒక్కొక్క మందు చదివింది. పద్దెనిమిదీ చదివింది. "మూడేళ్ళ కింద మందు ముట్టనని చెప్పింది నేనే. ఇప్పుడు కొడుతున్నానని చెప్తంది కూడా నేనే. నా మొహం చూసి ఎవరూ కొనొద్దు. చెప్పినా నా బొమ్మ తియ్యని కంపెనీని అడగండి," అని ముగించింది. సాయంత్రానికి పేట, మాచర్ల, గురజాల వాట్సాప్ గ్రూపులన్నింట్లో అది తిరిగింది.

రెండు రోజులకు తల్లిచేను వాళ్ళ ప్రకటన వచ్చింది. ‘ఒక మహిళా రైతు మా నిబంధనలను అతిక్రమించి రహస్యంగా రసాయనాలు వాడినట్టు మా దృష్టికి వచ్చింది. వినియోగదారుల ఆరోగ్యమే మాకు ప్రధానం. ఆమెను మా కుటుంబం నుంచి తొలగించాం.’

రహస్యంగానట! ఆ రోజు నుంచి ఫోన్లు మొదలైనాయి. హైదరాబాదు నుంచి ఒకాయన, "మీలాంటి వాళ్ళ వల్లే జనానికి రోగాలొస్తున్నయ్," అని తిట్టాడు. కృష్ణకుమారి ఫోను పెట్టెయ్యలేదు. "తిట్టండి. కొట్టాను, తిట్టించుకుంటా. తిట్టటం అయినాక ఆ ప్యాకెట్లో కాయ ఎవరిదో కంపెనీకి ఫోన్ చేసి అడగండి. వాళ్ళు చెప్తే నాకూ చెప్పండి," అంది. ఆయన మళ్ళీ చెయ్యలేదు.

బోరు నీళ్ళు ఆగిపోయాయి. మోటారు చెడిపోయిందని శివరామయ్య కబురు పంపాడు. అదే మోటారు రోజూ పొద్దున్నే ఆయన చేనుకు నీళ్ళు పోస్తూనే ఉంది. వెంకటకృష్ణ ట్యాంకర్లతో కొంత తడిపాడు. కింది అరెకరం చూస్తుండగానే ఎండింది.

ఆమె మాత్రం ఆహార కల్తీ చూసే అధికారికి ఫిర్యాదు రాసిచ్చి వచ్చింది. వాళ్ళు షాపు అరలో నుంచే ప్యాకెట్లు తీసి పరీక్షకు పంపారు. నెల దాటాక ఫలితం వచ్చింది. దాంతో సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి ఒక అధికారిణి ఊళ్ళోకి వచ్చి, రైతు సేవా కేంద్రంలో గ్రూపులో ఉన్న పన్నెండు మందినీ కూర్చోబెట్టింది. ముందు వరసలో శివరామయ్య.

"ఈ కారంలో అయిదు రకాల మందుల అవశేషాలున్నాయి," అని ఆమె పేర్లు చదివింది. చివరి రెండు పేర్లు వినగానే కృష్ణకుమారి క్యాలెండర్లు తీసి ముందు పెట్టింది. "ఆ రెండూ నేను ఎప్పుడూ కొట్టలేదు మేడం. చూసుకోండి. ఇది నా కాయ కాదని మొదట్నించీ చెప్తన్నా."

"ఒకరి పొలం ఒకరు చూశామని అందరూ సంతకాలు పెట్టారు. ఎవరు ఎవరి పొలం చూశారు?"

ఎవరూ తల ఎత్తలేదు. శివరామయ్య గొంతు సవరించుకుని, "అంతా పద్ధతి ప్రకారమే జరిగింది మేడం. ఒక్కళ్ళు తప్పు చేస్తే..." అని మొదలుపెట్టాడు.

కృష్ణకుమారి లేచింది.

"నేను చూడలేదు. సీతమ్మత్త చేను గట్టు కూడా తొక్కలేదు. చూడకుండా సంతకం పెట్టాను. ఆ కంపెనీ ఎంత దొంగో నేనూ అంత దొంగనే. నన్ను రాసుకోండి. తర్వాత మిగతా పదకొండు మందినీ అడగండి. ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి అడగండి. గుంపులో అడిగితే ఎవరూ చెప్పరు."

అధికారిణి కాగితం చూసి, "సీతమ్మగారూ," అంది.

అరవయ్యేళ్ళ సీతమ్మ కొంగు సర్దుకుంటూ లేచింది. శివరామయ్య వంక చూసింది. తర్వాత చూపు తిప్పుకుంది. "నాకు చదువు రాదమ్మా. ఏలిముద్ర ఎయ్యమంటే ఏశా. ఈ కృష్ణమ్మ చేలో మందు వాసన మా ఇంటిదాకా వస్తది. నా చేను వాసన వాళ్ళింటిదాకా పోతది. అందరికీ తెలుసు."

ఆ తర్వాత ఆపటం ఎవరి వల్లా కాలేదు. పదిమంది ఒప్పుకున్నారు. శివరామయ్య ఒక్కడే ఒప్పుకోకుండా బయటికి నడిచాడు.

గ్రూపు సర్టిఫికెట్ రద్దయింది. కంపెనీకి నోటీసు వెళ్ళింది. కేసు ఇంకా నడుస్తోంది. పల్నాడు రోడ్డు షాపులో ఆ ప్యాకెట్లు తీసేశారని మహేష్ ఫోన్ చేసి చెప్పాడు. తల్లిచేను పసుపు, తల్లిచేను బెల్లం మాత్రం అదే అరలో ఉన్నాయట. ఊళ్ళో సగం ఇళ్ళు ఆమెతో మాట్లాడటం మానేశాయి. కొత్త డ్రిప్పు పైపులు రావటం ఆగిపోయిందని ఆమె మొహం మీదే అన్నవాళ్ళున్నారు. బోరు పంచాయితీ ఇంకా తెగలేదు. మంచి పని చేశావని సీతమ్మ తప్ప ఎవరూ అనలేదు. ఆ మాట అన్న సీతమ్మ కూడా మర్నాడు తన చేనుకు మందు కొట్టించింది. కృష్ణకుమారీ కొట్టించింది. కాయ నిలబడాలంటే వాళ్ళకు ఇంకో దారి కనపడలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు అన్నం సయించదు.

మాఘమాసంలో ఒకనాడు కల్లంలో కాయ ఆరబోస్తుంటే ఉష ఫోన్ చేసింది. అత్తయ్యకు ఈసారి రిపోర్టులు బాగానే వచ్చాయంది. ఇప్పుడు షాపులోనే ఉన్నానంది. "అక్కా, ఇక్కడ ఇంకో కంపెనీ కారం పెట్టారు. దీనిక్కూడా ఆకు బొమ్మ ఉంది. తీసుకోనా?"

"నన్నడిగితే నాకేం తెలుస్తదే! ప్యాకెట్ మీద ఫోన్ నంబరుందా?"

"ఉంది."

"చెయ్యి. ఏ ఊరి కాయ, ఏ రైతు, ఆ చేను ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, పరీక్ష కాగితం ఏదీ అని అడుగు. చెప్పిందాకా ఫోను పెట్టొద్దు. చెప్పకపోతే ప్యాకెట్ అక్కడే పెట్టేసిరా."

"జనంలో బాగుండదేమో అక్కా."

"జనంలోనే అడుగు! గట్టిగా అడుగు!"

ఉష తన ఫోను కట్ చెయ్యకుండానే పక్కనున్న మహేష్ ఫోను అడిగి తీసుకున్నట్టుంది. కృష్ణకుమారి పారతో అట్లాగే నిలబడి వింటోంది. ముందు ఏదో సంగీతం, తర్వాత ఒకమ్మాయి తియ్యటి గొంతు. ఉష నెమ్మదిగానే అడిగింది. అటువైపు నుంచి ‘హండ్రెడ్ పర్సెంట్ సర్టిఫైడ్ మేడం’ అని వినపడింది. ఉష మళ్ళీ అడిగింది. అదే జవాబు వచ్చింది.

"సర్టిఫైడ్ అని నాకూ చదవటం వచ్చమ్మా. ఆ చేను చూసింది ఎవరో చెప్పు," అంది ఉష. ఆ గొంతు కృష్ణకుమారి ఎన్నడూ విననిది. షాపులో ఇంకెవరో ఆడమనిషి, "అవును, అడగండి, మేమూ వింటాం," అనటం కూడా వినపడింది.